దుప్పటికి అవతలి కొస

దుప్పటి మడతపెట్టడం ఒక్క మనిషి వల్ల కాదు. పెట్టొచ్చుగానీ అది మడత అనిపించుకోదు, మూట అవుతుంది. ఆసుపత్రుల బట్టలు ఉతికే ఆ లాండ్రీలో అందుకే మడతబల్ల దగ్గర ఆడవాళ్లు జోడీలుగా నిలబడతారు. ఇద్దరూ చెరో కొస పట్టి విదిలించి, ఒకరికొకరు ఎదురు నడిచి, వేళ్లకు వేళ్లు తగిలేలా అందించుకుని, మళ్లీ వెనక్కి నడుస్తారు. రోజంతా అదే పని. కట్టుకున్న మొగుడి మొహం కూడా ఇంత దగ్గర్నించి ఇన్నిసార్లు చూసుండమని అక్కడ అందరూ అనుకునే మాట.

వాగ్దానాలక్కకు అవతలి కొస పట్టే మనిషి పొడుగు వదిన. చుట్టరికమేమీ లేదు, పిలవగా పిలవగా వదిన అయింది. ఆవిడ చేతులెత్తితే ఎంత పెద్ద దుప్పటైనా నేలకు తగలదు. వాగ్దానాలక్క పొట్టిది, మునివేళ్ల మీద లేచి అందుకోవాలి. "నీకు దేవుడూ పైనే, నేనూ పైనే. మెడ పట్టేస్తుంది చూసుకో" అని వదిన ఏడిపించేది.

వాగ్దానాలక్క అన్న పేరు ఊరికే రాలేదు. ఆమె కొంగున ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఒకప్పుడు గొంతునొప్పి బిళ్లలుండే డబ్బా. ఇప్పుడందులో వేలెడేసి చీటీలు, ఒక్కో చీటీ మీద దేవుడి వాగ్దానంగా బైబిల్లో ఒక్కో మాట. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో గొడవైనా, కళ్లు మూసుకుని ఒక చీటీ తీసి చేతిలో పెట్టేది. రక్షణ గురించి గంటసేపు చెప్పే నేర్పు తనకు లేదని ఆమెకు తెలుసు. పాస్టరు గారిలా గొంతు పెంచి తగ్గించడం రాదు. కానీ చెయ్యి చాచడం వచ్చు. దేవుడి మాటే అంత గొప్పదైనప్పుడు దాన్ని అందించడానికి చెయ్యి చాలదా అనుకునేది. ఆ మాటలో తప్పులేదనే ఇప్పటికీ ఆమె నమ్మకం. తప్పు ఎక్కడ జరిగిందన్నదే తెలియదు.

ఆమెకు ప్రాణమైన చీటీ ఒకటుంది. లాండ్రీలో ఆమె మొదట నేల తుడిచే మనిషి. రేపు పని ఉంటుందో లేదో గేటు దగ్గర చెప్పేవాళ్లు. ఆ రోజుల్లో ఒక ప్రార్థన కూటంలో ఈ చీటీ వచ్చింది: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొన్నాళ్లకే మడతబల్లకు మార్చారు, పని ఖాయమని కార్డిచ్చారు, యూనిఫాం ఇచ్చారు. మహాభివృద్ధి అంటే మేడలూ కార్లూ అనుకునేవాళ్లకు అది నవ్వులాటగా ఉండొచ్చు. రోజూ గేటు ముందు నిలబడి చూసినవాళ్లను అడగండి, కార్డు అంటే ఏమిటో చెబుతారు. ఆమె ఆ మాటను పెద్దక్షరాలతో రాయించి, అద్దం కట్టించి ఇంట్లో తగిలించుకుంది.

అంతలో పొడుగు వదిన కొడుకు పోయాడు.

ఒక కాంట్రాక్టరు కింద మురికి కాలువలు శుభ్రం చేసే పని అతనిది. మూసుకుపోయిన కాలువలోకి తాడు లేకుండా, మూతికి కట్టుకోవడానికి మాస్కు లేకుండా దింపారు. లోపలి విషగాలికి అక్కడే కూలబడిపోయాడు. మనుషుల్ని గోతుల్లోకి దింపేవాళ్ల దగ్గర ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉంటుంది: తప్పు దిగినవాడిదే. తాగి ఉన్నాడన్నారు. తనంతట తనే దిగాడన్నారు. బీడీ వాసనకే తుమ్మే పిల్లాడు వాడు. తాగాడన్న మాట ఆఫీసులో నోటి మాటగా పుట్టి, కాగితం మీదికెక్కి, వీధిలో నిజమై కూర్చుంది.

వదిన మళ్లీ పనిలోకి వచ్చింది. ఇద్దరూ కొసలు పట్టుకున్నారు, నడిచారు, కలిశారు. ఆ దగ్గరలో వదిన కళ్లు చూశాక వాగ్దానాలక్కకు ఏదో ఒకటి ఇవ్వకపోతే తను మనిషే కాదనిపించింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి కళ్లు మూసుకుని తీసింది. చూస్తే తన చీటీయే. తన ప్రాణమైన మాట, ఇన్ని చీటీల్లోంచి, ఈ రోజు, ఈవిడ కోసం! దేవుడే చెయ్యి పట్టి తీయించాడనుకుంది. వదిన చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

మర్నాడు వదిన మడతబల్ల దగ్గరకు రాలేదు. విడదీసే గదిలోకి వెళ్లింది. రక్తం మరకలు, చీము మరకలు ఉన్న బట్టలు వేరుచేసే గది అది. బతిమాలినా ఎవరూ వెళ్లరు. వాగ్దానాలక్క వెంటపడి వెళ్లి ఏమైందని అడిగింది. వదిన చేతితొడుగులు వేసుకుంటూ నెమ్మదిగానే చెప్పింది.

"చీటీ కింద అంకెలున్నాయి కదా. నువ్వెప్పుడో ఇచ్చిన పుస్తకం ఇంట్లో ఉంది. తీసి ఆ పేజీ పై నుంచి చదివాను. నాకు పొట్లం కాగితం కూడా పై నుంచి చదవడం అలవాటు, నీకు తెలుసుగా."

"ఏముంది వదినా?"

"నీ పిల్లలు పాపం చేసుంటారు, అందుకే దేవుడు వాళ్లని వదిలేశాడు అనుంది. నీ మహాభివృద్ధికి మూడు వాక్యాల పైన." తొడుగు సరిచేసుకుంది. "నా కొడుకు తాగాడని కాంట్రాక్టరు అన్నాడు. పాపం చేశాడని నీ దేవుడు అన్నాడు. ఇద్దరికీ తేడా ఏంటో చెప్పు, మళ్లీ వచ్చి కొస పట్టుకుంటా."

 అలాంటి మాట అక్కడ లేదని వాగ్దానాలక్క ఒట్టేయబోయింది. వేయలేకపోయింది, ఎందుకంటే ఆ పేజీ పై నుంచి తనెప్పుడూ చదవలేదు.

ఇంటికెళ్లి చదివింది. ఉంది. "నీ కుమారులు ఆయన దృష్టియెదుట పాపముచేసిరేమో." అద్దం కట్టించుకున్న మాటకు ఇంత దగ్గరలో, ఒకే ఇంట్లో పక్క గదిలా ఉంది. ఇన్నేళ్లు ఆ గది తలుపే తను తియ్యలేదు.

ఆమె మొగుడు బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి. చర్చికి ఎప్పుడో గానీ రాడు, వస్తే వెనక బెంచీ. అన్నం తింటూ సంగతంతా విని, ఇంతకీ ఆ మాట అన్నదెవరని అడిగాడు. ఆమె వెతికి చూసింది. బిల్దదు అట. ఆస్తంతా పోయి, ఇల్లు కూలి పిల్లలూ చనిపోయిన యోబు అనే భక్తుణ్ణి పలకరించడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడు.

"అయితే కోర్టులో అవతలి వకీలు మాట తీసుకొచ్చి జడ్జి తీర్పని గోడకి తగిలించావన్నమాట" అన్నాడాయన. నవ్వించాలనే అన్నాడు. ఆమె మొహం చూసి గ్లాసెడు మంచినీళ్లు తనే ముంచి తెచ్చిపెట్టి మాట మార్చేశాడు.

పాస్టరు గారి దగ్గరకు వెళ్లింది. ఆయన మంచివాడే, ఆ రోజు ఒక పెళ్లి, ఒక సమాధి కార్యక్రమం మధ్యలో చిక్కుకుని ఉన్నాడు. ఎవరి నోట వచ్చిందో చూడకూడదమ్మా, విశ్వాసంతో పట్టుకుంటే అది నీ వాగ్దానమే అన్నాడు. అది నిజం కాకపోతే నీకు కార్డెలా వచ్చిందీ అన్నాడు. ఆమెకు అది సబబుగానే తోచింది. వీధి మలుపు దాకా సబబుగానే ఉంది. మలుపు తిరిగాక, మరి పిల్లలు పాపం చేశారన్న పై మాట కూడా వదినకు వాగ్దానమేనా అనిపించి అక్కడే నిలబడిపోయింది. వెనక్కి వెళ్లి అడుగుదామంటే ఆయన అప్పటికే బండెక్కి వెళ్లిపోయాడు.

ఇక తనే మొదలుపెట్టింది, యోబు గ్రంథం మొదటి పేజీ నుంచి. భోజనం విరామంలో కొంచెం, బస్సులో కొంచెం. చదివేకొద్దీ తల తిరిగింది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా పేజీలకు పేజీలు మాటలు. స్నేహితులు అన్నవన్నీ చీటీల మీద అచ్చేయదగ్గట్టే ఉన్నాయి, ఎంతో భక్తిగా, తీయగా. యోబే పుల్లవిరుపుగా మాట్లాడాడు. పుట్టిన రోజునే తిట్టుకున్నాడు. నా తప్పేంటో చూపించమని దేవుడినే నిలదీశాడు. మీరు నోరు మూసుకుని ఉంటే అదే మీ తెలివి అని స్నేహితుల్ని దులిపేశాడు. వీడు చెడ్డవాడు, వాళ్లు మంచివాళ్లు అనుకుంటూ చదివింది. చివరికొచ్చేసరికి దేవుడు ఆ స్నేహితుల మీద మండిపడ్డాడు: నా గురించి యోబు పలికినట్టు మీరు సరిగా పలకలేదు అన్నాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది, ఒక తీర్పు దొరికిందనుకునేది. ఇంకో పేజీ తిప్పితే యోబుకు మొదటికంటే ఎక్కువ ఆస్తి వచ్చింది. అంటే బిల్దదు చెప్పినట్టే జరిగింది కదా! తప్పు చెప్పినవాడి మాట నిజమైతే అది తప్పా, ఒప్పా? తన కార్డు బిల్దదు పుణ్యమా, దేవుడి దయా? కర్ర విరగలేదు, పాము చావలేదు. ఆమె పుస్తకం మూసి, తలపోటుకు నుదుట గుడ్డ కట్టుకుని పడుకుంది.

క్యాంటీన్‌లో వదిన పక్కన కూర్చుని చెప్పబోయింది, అది దేవుడన్న మాట కాదు, పిల్లలు పోయిన తండ్రిని పలకరించడానికొచ్చిన స్నేహితుల్లో బిల్దదు అన్నాడని. వదిన పళ్లెం మీంచి తలెత్తకుండా, "దేవుడి మాట కానిది దేవుడి మాటని నాకెందుకిచ్చావు మరి?" అంది.  వాగ్దానాలక్క పళ్లెం తీసుకుని లేచిపోయింది. ఆ రోజు నుంచి డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. జ్వరాలొచ్చినవాళ్లు అడిగి చూసి, ఈమెకేమైందని చెవులు కొరుక్కున్నారు. కొత్తగా వచ్చిన జోడీ పిల్ల కొస అందించేలోపే వదిలేసేది. దుప్పట్లు వంకరగా పోయేవి.

సెలవు రోజున వదిన కాంట్రాక్టరు ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుంటోందని లాండ్రీలో తెలిసింది. ఆవిడ అడుగుతున్నది ఒక్కటే. నా కొడుకు తాగాడని రాసిన మాట కొట్టేయండి. లోపలికి వెళ్లేవాళ్లు పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు. గుమాస్తా ఒకసారి వచ్చి, పోయినవాడు ఎలాగూ పోయాడు, మాట ఉంటే ఏంటి, లేకుంటే ఏంటమ్మా అన్నాడట. పోయినవాడికి మిగిలేది ఆ మాట ఒక్కటే అని తెలియనంత చదువు చదివాడు పాపం.

వాగ్దానాలక్క ఆ మెట్ల దగ్గరకు వెళ్లింది. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్లింది, వదిన ఎదురుగా నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు. తోచక పక్కన నేల మీద కూర్చుంది. ఎండ మోకాళ్ల దాకా వచ్చి, మెల్లగా వెనక్కి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ స్నేహితులు కూడా మొదట ఇంతే చేశారని. అతని బాధ చూసి ఏడు దినాలు ఒక్క మాటా అనకుండా నేల మీద కూర్చున్నారని. అంతవరకు ఎవరూ వాళ్లని తప్పుపట్టలేదు. నోరు తెరిచాకే చెడింది. ఇది చెబుదామా అనుకుని, చెబితే అదీ మరో చీటీ అవుతుందేమోనని మింగేసింది.

వదినే అడిగింది. "చీటీ ఏదీ?"

"తేలేదు."

"ఆ స్నేహితుల్ని నీ దేవుడేమన్నా అన్నాడా, లేక వాళ్లదే పైచెయ్యా?"

"కోప్పడ్డాడు. సరిగా మాట్లాడలేదన్నాడు."

"ఏ మాటకి కోప్పడ్డాడు? పాపం చేశారన్నదానికా, మహాభివృద్ధి అన్నదానికా?"

"తెలీదు వదినా. నాకేం అర్థం కావట్లేదు."

వదిన మొదటిసారి ఆమె వైపు తిరిగి చూసింది. "ఆ తండ్రికి పోయిన పిల్లలు తిరిగొచ్చారా?"

"లేదు. మళ్లీ పుట్టారు. అంతే మంది."

 "అది రాసినవాడు మగాడై ఉంటాడు" అంది వదిన.

వాగ్దానాలక్కకు నవ్వొచ్చింది. దేవుడి గ్రంథం మీద నవ్వానేమోనని భయమేసి నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది, అప్పటికే కళ్లలోంచి నీళ్లు. వదిన నవ్వలేదు గానీ కొంచెం జరిగి నీడలో చోటిచ్చింది. సాయంత్రం దాకా గుమాస్తా ఎవరినీ లోపలికి పిలవలేదు.

తర్వాతి పనిరోజున విడదీసే గది తలుపు తీసుకుని వదిన బయటికొచ్చింది. మడతబల్ల దగ్గర కొత్త పిల్ల చేతిలోంచి కొస తీసుకుని, ఆ పిల్లను ఇస్త్రీ రోలరు వైపు తోలింది. తేడా ఏంటో నేనింకా చెప్పలేదు కదా అంది వాగ్దానాలక్క భయంభయంగా.

"నీకూ తెలీదన్నావుగా. కాంట్రాక్టరు ఆ ముక్క అనలేదు, అదే తేడా" అంది వదిన. దుప్పటి విదిలించింది. "ఆ తండ్రి పుట్టిన రోజుని తిట్టుకున్నాడన్నావంటగా ఎవరితోనో. అది చెప్పు. మొదట్నించి చెప్పు, మధ్యలో దూకకు."

వాగ్దానాలక్క చెప్పడం మొదలుపెట్టింది. తనకొచ్చిన మాటల్లో, అక్కడక్కడా తడబడుతూ, ఎవరు ఎవరితో అన్నారో ఆగి గుర్తు చేసుకుంటూ. ఎదురు నడిచినప్పుడు ఒక మాట, వెనక్కి వెళ్లినప్పుడు ఇంకో మాట. నా తప్పేంటో చూపించమని యోబు దేవుడిని అడిగిన చోట వదిన కొస పట్టుకునే ఆగిపోయింది. "అడిగాడా? అట్లాగే అడిగాడా?" అని రెండుసార్లు అడిగింది. అడిగాడంది వాగ్దానాలక్క. "వీడు మనోడే" అంది వదిన.

దీన్ని సువార్త చెప్పడం అంటారో, ఊసుపోక కబుర్లంటారో ఆమెకు తెలియలేదు. పాస్టరు గారిని అడగాలనుకుంది, అడగలేదు. ఇంట్లో అద్దం కట్టిన మాట గోడ మీదే ఉంది. తీసేద్దామని కుర్చీ ఎక్కి, దుమ్ము తుడిచి, దిగిపోయింది. కథలో బిల్దదు వంతు వచ్చే దుప్పటికి వదిన ఏమంటుందోనని మాత్రం ఆ వారమంతా ఆ పేజీని పై నుంచి చదువుకుంటూనే ఉంది.