ఏ గట్టు మీద వచ్చారు?

అప్పట్లో గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద మా ఆఫీసు. ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి, కృష్ణా డెల్టాలో ఎక్కడ వరి ఉంది, ఎక్కడ చేపల చెరువులు తవ్వేశారు అని మ్యాపులు గీయడం మా పని. ఆ చిత్రాల్లో పైరు ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి. అనుమానం వచ్చిన చోటికి ఒక మనిషి వెళ్లి, కళ్లతో చూసి ఫారం నింపాలి. ఆ మనిషిని నేనే.

సముద్రం వైపు శివారులో ఒక నల్లటి ముక్క ఉంటే చూసి రమ్మన్నారు. బస్సు దిగేసరికి వాన. నాలుగు అడుగులు వేశానో లేదో, కొత్త చెప్పు బురదలో దిగబడి తెగింది. ఒళ్లు మండిపోయింది. వెనక్కొచ్చి రోడ్డు మీద టీ కొట్టులో కూర్చుని, "అటేపు ఏముందండీ?" అని అడిగాను.

"ఇంకేముంటదండీ, అన్నీ చెరువులే," అన్నాడు కొట్టతను.

అక్కడే టీ తాగుతూ 'చెరువు, స్వయంగా చూశాను' అని రాసి సంతకం పెట్టేశాను. నా బద్ధకం తగలెయ్య!

మరుసటి ఏడు కృష్ణలో నీళ్లు తగ్గాయి. ఉన్న నీళ్లు వరికే, చెరువులకు లేవన్నారు. ఏది వరో ఏది చెరువో మా మ్యాపు చూసి తేల్చారు. ఒకరోజు తెల్లగడ్డం, నమాజు టోపీతో ఒక పెద్దాయన వరి దుబ్బు చేత పట్టుకుని మా మెట్లెక్కాడు.

"మా కాలవ కట్టేశారండీ. చేను పొట్ట మీదుంది. మాది చెరువంట! చేపలకి ఎన్నులొస్తాయా అండీ?"

మా ఆఫీసరు నిరుటి చిత్రం, నా ఫారం తీయించి, "మీరు వెళ్లి చూశారు కదా?" అని నన్నడిగారు.

"చూశానండి," అన్నాను.

పెద్దాయన చిత్రం మీద తేదీ అడిగి తెలుసుకున్నాడు. "నాట్లేసిన వారమండీ ఇది. మడి నిండా నీళ్లే గదా, నారేం కనపడతది? ఈయన చూసినప్పుడూ అట్టాగే ఉండుంటది. ఈయన తప్పేముంది?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మ్యాపు దిద్దాం. కాలువ తెరిచేసరికి ఆలస్యమైపోయింది. కోతల ముందు మళ్లీ చూసి రమ్మంటే, ఈసారి చేనంతా తిరిగాను. సగానికి పైగా తాలే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పెద్దాయన మాత్రం ఇంటికి తీసుకెళ్లి, అరుగు మీద చాప వేసి కంచం పెట్టాడు.

"నిరుడు ఇంత దూరం వచ్చి మా గడప తొక్కకుండా పోయారు. ఏ గట్టు మీద వచ్చారండీ?"

అరుగు మీంచే, చేను పక్కనున్న ఎత్తు గట్టు చూపించాను.

ఆయన దానివంక చూశాడు. తర్వాత నావంక చూశాడు.

"అది మొన్న ఎండాకాలం మా వాళ్లు వేసిందండీ," అన్నాడు మెల్లగా.

నా కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించి, "తినండి, చల్లారిపోద్ది," అన్నాడు. తిట్టినా బాగుండేది.