మన్ను కరెంటును గుంజుతుందట

గద్వాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా ఉద్యోగం. విద్యుదావేశం పాఠం ఏటా చెప్తాను. దాన్ని పుట్టించలేం, నాశనం చెయ్యలేం, అది పదార్థంలోనే ఉంది. మన ఒంట్లోనూ ధనావేశం, రుణావేశం సరిసమానంగా ఉంటాయి కాబట్టే ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటాం. కరెంటు ఒంట్లోంచి పోయిందంటే పోయినట్టే, లోపల మకాం వెయ్యదు. ఇంత చిన్న సంగతి మా ఊళ్లో ఒక్కడి బుర్రకూ ఎక్కించలేకపోయాను. ఏం చదువు నాది, సొంత తమ్ముడికే పనికిరాలేదు.

మాది పెబ్బేరు దగ్గర పల్లె. ఆ రోజు సెలవని పుట్టింటికి వెళ్లాను. తమ్ముడు పత్తి చేనుకు నీళ్లు పెట్టబోయి, తడి చేత్తో బోరు మోటరు స్టార్టరు డబ్బా ముట్టుకున్నాడు. కేక విని నేనూ చిన్నాయనా పరిగెత్తాం. చిన్నాయన ఎండు కట్టెతో వాణ్ణి డబ్బా నుంచి విడిపించాడు. అంతవరకు సరిగ్గానే చేశాడు, కాదనను.

వాడికి ఊపిరి ఆడటం లేదు. నేను మోకాళ్ల మీద కూలబడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. అప్పటికే పక్క చేన్లవాళ్లు పారలతో వచ్చి గుంత తవ్వుతున్నారు. మా దిక్కు షాక్ కొట్టినవాణ్ణి మెడదాకా మట్టిలో పూడుస్తారు. ఒంట్లో నిలిచిన కరెంటును మన్ను గుంజేస్తుందట! ఒంట్లో ఏదీ నిలవలేదు, ఆగింది గుండె అని మొత్తుకున్నాను. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చిన్నాయన నా రెక్క పట్టి పక్కకు లాగాడు.

"నీ పాఠం కాలేజీల చెప్పుకో బిడ్డా. మన్నే గుంజాలె, గంతే."

మెడదాకా పూడ్చిన మనిషి ఛాతీని ఎవరు నొక్కగలరు? వాడి ముఖం ఒక్కటే పైకి కనిపిస్తుంటే, అందరూ చుట్టూ నిలబడి కరెంటు దిగడం కోసం ఎదురుచూశారు. థూ! అంబులెన్సు వచ్చాక మళ్లీ తవ్వి తీశారు. వనపర్తి దవాఖానలో నాడి చూసి, అయిపోయిందన్నారు. నొక్కితే బతికేవాడో లేదో నాకూ తెలియదు. నన్ను నొక్కనివ్వలేదు, ఆ కడుపుమంట మాత్రం చల్లారదు.

దినాల నాడు చిన్నాయన వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లకు ఇదంతా చెప్తున్నాడు. తప్పు ఒప్పుకుంటాడేమోనని తలుపు దగ్గర నిలబడి విన్నాను. మన్ను జర ఆలస్యంగా పడిందని ఆయన బాధ. అందరూ తలలూపారు. వాళ్ల ఖర్మ అనుకొని లోపలికి వచ్చేశాను.

అమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుంది.

"నువ్వు అడ్డం పడకపోతే ఇంకింత జల్ది పూడుస్తుండిరి," అంది. "నా కొడుకు బతుకుతుండె."