తోడల్లుడి స్టెంటు, నా కడుపుమంట

గుండెపోటు వచ్చిన మనిషిని చూసి కుళ్లుకున్నవాడు పల్నాడు మొత్తంలో నేనొక్కడినే అయ్యుంటాను. ఆ కుళ్లు నన్ను ఎంత గోతిలో పడేసిందో చెబుతాను, నవ్వుకోండి.

మా తోడల్లుడు శ్రీను వినుకొండలో లారీలు తిప్పుతాడు. వేళకు తిండి ఉండదు, నిద్ర ఉండదు, చేతిలో సిగరెట్టు ఆరదు. ముప్పై మూడేళ్లకే గుండెపోటు వచ్చింది. గుంటూరులో స్టెంటు వేసి బతికించారు. కోలుకోవడానికి కారంపూడిలోని మా అత్తగారింటికి చేరాడు.

ఆదివారం నేనూ నా భార్య సుజాతా నరసరావుపేట నుంచి చూడ్డానికి వెళ్లాం. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ గదీ శ్రీనుదే. మామగారు స్వయంగా అతని దిండు సర్దుతున్నారు. పెళ్లయిన కొత్తలో కూడా నా దిండునెవరూ అలా ముట్టుకోలేదు. అత్తగారు దానిమ్మ గింజలు ఒలుస్తూ నావైపు చూసి, "బాబూ, కాస్త ఆ నీళ్ల మోటారు ఆపిరా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. గుండె అతనికేనా, నాకు లేదా? భోజనాల దగ్గర ఎడమచేత్తో ఛాతీ పట్టుకుని, "అత్తయ్యా, ఇక్కడేందో పట్టేసినట్టుంది" అన్నాను.

అత్తగారి చేతిలో గరిటె జారింది. సుజాత ఏడుపు మొదలుపెట్టింది. శ్రీను మంచం దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "తమ్ముడూ, భయపడమాక. నాకూ ఇట్టానే మొదలైంది." నేను గర్వంగా మూలిగాను. మామగారు కారు తీసి నరసరావుపేట ఆసుపత్రికి పరుగు పెట్టించారు.

ఈసీజీ బాగానే ఉంది. లేవబోతుంటే డాక్టరమ్మ కూర్చోమంది. బీపీ చూసింది, రక్తం తీయించింది. రిపోర్టులు వచ్చాక అడిగింది.

"ముప్పై ఒక్క ఏళ్లకే ఇంత బీపీ ఏంటి? కొలెస్ట్రాల్ కూడా చానా ఉంది. పగలంతా ఏం చేస్తారు?"

"స్పేర్ పార్టుల షాపులో కూర్చుంటానండి."

"సాయంత్రం?"

"బిర్యానీ సెంటర్లో కూర్చుంటానండి."

"సిగరెట్లు?"

"అబ్బే."

"రోజుకో పెట్టె" అంది సుజాత.

ఇక దాచలేక, "అసలు నాకు నొప్పే లేదండీ, ఊరికే అన్నాను" అని ఒప్పేసుకున్నాను. సుజాత నావైపు గుడ్లురిమి చూసింది. డాక్టరమ్మ మాత్రం మందులు రాస్తూనే, "మంచి టైముకి ఆడారు అబద్ధం" అంది.

ఏసీ గది దక్కలేదు. ఉప్పు తగ్గించిన కూర దక్కింది. బిర్యానీ, సిగరెట్టు పోయాయి. అత్తగారు నన్ను ఆ వారమంతా కారంపూడిలోనే ఆపి, పొద్దున్నే శ్రీనుతో పాటు కాలువ కట్ట మీదికి నడకకు తోలారు.

"నువ్వు నయం తమ్ముడూ" అన్నాడు శ్రీను మొదటి రోజే. "లేని నొప్పికి ఆసుపత్రికి పోయావు. నేను ఉన్న నొప్పిని గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నా."

నాకు నవ్వు రాలేదు. ఇకమీదట ఎవరి జబ్బును చూసీ ఈర్ష్యపడనని తూర్పుకి తిరిగి కళ్లు మూసుకుని, సూర్యుడి సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి గుండె జబ్బు మనిషి నన్ను దాటి అంత దూరం వెళ్లిపోయాడు. ఆరోగ్యాన్ని చూసి ఈర్ష్యపడనని మాత్రం ఆ ఒట్టులో లేదు.