గోరింటాకు ముద్దలా కలుపుకోవాలి

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఆగస్టు నెల రెండో వారంలో, ఒక ఫిర్యాదు విచారణ నా పేరున వేశారు. అప్పటికి నేను తమిళనాడులోని హోసూరులో జుట్టు రంగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో డిప్యూటీ మేనేజర్ని. ఫిర్యాదు సూళగిరి పక్కనున్న ఒక పల్లె నుంచి వచ్చింది. రంగు వేసుకుంటే తల కాలిందని, జుట్టు విరిగిపోతోందని ఫోన్లో చెప్పిన మాటలను కస్టమర్ కేర్ అమ్మాయి రెండు ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకుంది. వాటి కింద బ్యాచ్ నంబరు, ఊరి పేరు ఉన్నాయి. నా చేతికి వచ్చింది అంతే.

ఇలాంటివాటికి మాకొక పద్ధతి ఉండేది. తయారైన ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లు తీసి, గడువు తీరేదాకా తాళం వేసిన గదిలో దాచిపెడతాం. ఫిర్యాదు వస్తే అదే బ్యాచ్ ప్యాకెట్ తీసి, నెరిసిన జుట్టు పాయల మీద పరీక్షిస్తాం. రంగు ఎంత పట్టింది, కడిగాక ఎంత నిలిచింది, పాయను లాగితే ఎక్కడ తెగింది, అన్నీ రాస్తాం. ఆ తర్వాత ఫారంలో మూడు గడులుంటాయి: సరుకులో లోపం, నిల్వలో లోపం, వాడకంలో తప్పు. ఒకదానికి టిక్కు పెట్టి, సంతకం చేసి, ఫైలు మూసేయాలి. ఆ బ్యాచ్ నా పరీక్షలో శుభ్రంగా నెగ్గింది. కాబట్టి మూడో గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టుకునే జీపెక్కాను. ఆ తొందర నాకు మొదటినుంచీ ఉంది.

ఆ రంగు గురించి ఒక మాట చెప్పాలి. అది పొడి. ఇంట్లోనే నీళ్ళతో కలుపుకుని వేసుకునేది. పొడిలో రంగు మూలకం ఒకటి, దాన్ని నల్లబరిచే మందు ఒకటి పక్కపక్కనే నిద్రపోతూ ఉంటాయి. నీళ్ళు తగిలిన క్షణం రెండూ లేస్తాయి. ఆ పని జుట్టు లోపల జరగాలి గాని గిన్నెలో జరగకూడదు. అందుకే కలిపిన వెంటనే పట్టించాలి, అర్ధగంటకు కడిగేయాలి. అంతకు రెండు రోజుల ముందే చెవి వెనక చుక్క పెట్టి, ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలి. నా జుట్టు ముప్పై ఏళ్ళకే నెరిసింది. పాతికేళ్ళుగా నెలకోసారి, మొదళ్ళకు మాత్రమే, మా ఫ్యాక్టరీ పొడినే వేసుకునేదాన్ని. వేసిన ప్రతిసారీ కొసలదాకా పులిమితే జుట్టు గడ్డిలా ఎండిపోతుంది. అది చాలామందికి తెలియదు.

ఫిర్యాదు చేసిన సరోజమ్మకు నలభై నాలుగేళ్ళు. ఆమె తలగుడ్డ తీసి చూపించింది. నుదుటి పైభాగమంతా ఎర్రగా కమిలి, అక్కడక్కడ పొట్టు లేచి ఉంది. దువ్వెన పెడితే జుట్టు బెత్తెడు ముక్కలుగా చేతిలోకి వస్తోంది. క్రిష్ణగిరిలో చర్మం డాక్టరుకు చూపించారట. ఇది ఎలర్జీ కాదు, మందు ఎక్కువసేపు ఉండి కాల్చింది, మానేదాకా నూనె కూడా పెట్టవద్దు అన్నాడట ఆయన. రంగు వేసుకున్న మరునాడు ఆమెకు హోసూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఉండింది. పోలేకపోయింది.

రంగు వేసింది ఆమె కాదు. ఎదురింటి మునిరత్నమ్మ. వారమంతా గులాబీ తోటల షెడ్డులో పూలు ఏరి కట్టలు కట్టే పని. ఆదివారం తన వసారాలో ఊరి ఆడవాళ్ళకు తల చూసేది. పేలు తీయడం, కొసలు కత్తిరించడం, గోరింటాకు పెట్టడం, ఈమధ్య రంగు వేయడం. ఊళ్ళో ఆమె చేతికి పేరుంది. నేను పోయేసరికి ఆ పేరు పోయింది. ఆమె ఏదో యాసిడ్ పోసిందని సరోజమ్మ అత్తగారు వీధి కుళాయి దగ్గర చెప్పింది. రెండు ఆదివారాలుగా ఆ వసారా మెట్టు ఎవరూ ఎక్కలేదు.

నేను పోయినప్పుడు మునిరత్నమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. నేనే లోపలికి వెళ్ళాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చానని చెబితే గోడకానుకుని నిలబడింది. నా చేతిలో ఫారం చూసి అన్నది:

"నా మీద రాసేకి వచ్చినారా మేడం? రాసుకోండి. ఊరే రాసేసింది."

ఎవరి మీదా రాయడానికి రాలేదని అబద్ధం చెప్పాను. పెన్సిలు టిక్కు ఆ కాగితం మీదే ఉంది. ఏం చేశారో మొదటినుంచి చేసి చూపించమని అడిగాను. మా విచారణలో అదొక నియమం. చెప్పమంటే మనుషులు తమకు గుర్తున్నది చెబుతారు. చేయమంటే చేసింది బయటపడుతుంది.

ఆమె అటక మీంచి ఇనుప బాండ్లి దించింది. పొయ్యి మీద టీ డికాషన్ పెట్టింది. అప్పుడే నాకు అనుమానం తగిలింది. ప్యాకెట్ పొడి బాండ్లిలో పోసి, డికాషన్ చల్లారాక కలిపి, మూత పెట్టి మూలన పెట్టానన్నట్టు చూపించింది. ముందురోజు సాయంత్రం అలా నానబెట్టి, తెల్లవారి సరోజమ్మ తలకు పట్టించిందట. రెండు గంటలుంచి కడిగితే రంగు పట్టలేదు. పట్టదు. ఆ పొడి పనంతా బాండ్లిలోనే అయిపోయింది, ఇనుము తగిలేసరికి ఇంకా తొందరగా అయిపోయింది. నురుగు వచ్చిందా అని అడిగాను. "వచ్చింది మేడం. బాగా పొంగింది. మంచి సరుకు అనుకుంటిని."

మరునాడు ఇంటర్వ్యూ. సరోజమ్మ ఏడుపు ముఖం పెట్టింది. మునిరత్నమ్మ రెండో ప్యాకెట్ కోసింది. నానబెట్టడానికి వేళ లేక అప్పటికప్పుడు కలిపి పూసి, తలకు ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండున్నర గంటలు ఉంచింది. అర్ధగంట ఉండవలసిన మందు, తాజాది, మూతవేసిన తల మీద రెండున్నర గంటలు ఉంది. ఇంక కాలక ఏమవుతుంది?

నాకు కోపం వచ్చింది. ప్యాకెట్ లోపల సూచనల కాగితం ఉంది కదా, అందులో ముప్పై నిమిషాలని అచ్చువేశాం కదా, చదవలేదా అని గట్టిగానే అడిగాను.

ఆమె తగ్గలేదు. దేవుడి పటం వెనక నుంచి మడతలు పోని ఒక కాగితం తీసింది. మా కాగితమే. హోసూరు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు ఉన్న కాగితంలో తెలుగు ఎందుకు లేదని రెండేళ్ళు పోరాడి, దాన్ని చేర్పించింది నేను.

"నేను తెలుగు ఇస్కూల్లో ఐదు దాంకా చదివినాను. ఏ ప్యాకెట్లోనూ మన అచ్చరాలు ఉండవు. దీంట్లో ఉండాయని పెట్టుకున్నాను. ఈడ చూడండి, ఏం రాసినారో," అని వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. "గో-రిం-టా-కు ముద్దలా కలుపుకోవాలి."

తర్వాత నా ముఖం చూసి అన్నది: "ఆ మాట చదివినాక ఇంగ మిగతాది చదివేదెందుకు మేడం? గోరంటాకు నాకు తెలీదా? డికాషన్లో నానేసేదే కదా. ఇనుప బాండ్లీలోనే కదా. రెండు గంటలు పెట్టుకునేదే కదా. దానికి చెవి వెనకాల పరీచ్ఛ ఎవురన్నా చేస్తారా?"

ఆ వాక్యం నాది. అనువాదం చేయించిన చోటు నుంచి వచ్చిన ప్రతిలో "మిశ్రమమును తగిన సాంద్రత గల లేపనముగా చేయవలెను" అని ఉండింది. ఇది ఎవరికర్థమవుతుందని నవ్వి, ఎర్రసిరాతో కొట్టేసి, పైన నేను రాసిన మాట అది. ఎంత చిక్కగా ఉండాలో చెబుతున్నాననుకున్నాను. ఎలా చేయాలో చెప్పేశాను. మా విభాగంలో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. కాబట్టి రాసిందీ నేనే, సరిచూసి ఆమోదించిందీ నేనే. ఆ వాక్యాన్ని ఇద్దరు ముగ్గురు స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తల తీసేసినట్లయింది. ఆ మాట రాసింది నేనేనని మునిరత్నమ్మకు చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. కాగితం మళ్ళీ మడతపెడుతూ, "బాగా రాసినారు మేడం. అందుకే నమ్మినాను," అన్నది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అక్కడినుంచి నేరుగా ఎదురింటికి పోయి, సరోజమ్మకూ వాళ్ళ అత్తగారికీ అదే మాట చెప్పాను. తప్పు మునిరత్నమ్మది కాదు, కాగితం రాసినదాన్ని నేను. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "ఇంత చదివి ఇట్లానా రాసేది?" అన్నది.

ఫ్యాక్టరీకి వచ్చి పాత ఫైళ్ళు తీశాను. "రంగు పట్టలేదు" అని అంతకుముందు అటువైపు నుంచే రెండు ఫిర్యాదులొచ్చాయి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువని రాసి రెండూ నేనే మూసేశాను. ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. ఇద్దరూ తెలుగు ఇళ్ళవాళ్ళు, ఇద్దరూ నానబెట్టారు. మా ఫారంలో ఊరికి గడి ఉంది, వయసుకు గడి ఉంది, కాగితం ఏ భాషలో చదివారనే దానికి గడి లేదు. ఉంటే రెండో ఫైలు దగ్గరే తెలిసిపోయేది.

మా క్వాలిటీ హెడ్ తమిళుడు, నెమ్మదస్తుడు. ముప్పై నిమిషాలని అచ్చులో ఉంది గనక చట్టం ముందు మనం క్షేమమే, వాడకంలో తప్పని మూసేయవచ్చు, నువ్వు వేరేగా రాస్తే ఆమోదించినవారి గడిలో నీ పేరే ఉంటుంది, రిటైర్మెంటుకు మూడేళ్ళే ఉంది, ఆలోచించుకో అన్నాడు. ఆయన చెప్పింది నా మంచికే. ఆ సాయంత్రం ఆలోచించాను కూడా. మూడో గడికి టిక్కు పెడితే సూళగిరి పక్క పల్లెలో ఒక మనిషి నెత్తిన అది జీవితాంతం ఉంటుంది. పెన్సిలు గీత చెరిపేశాను. మూడు గడుల్లో ఏదీ సరిపోలేదు. కింద ఖాళీలో, "కారణం: తెలుగు సూచన తప్పుదారి పట్టించింది, రచన, ఆమోదం నావి" అని సిరాతో రాసి సంతకం చేశాను. గోడౌనులోని పెట్టెలన్నీ విప్పి కాగితాలు మార్చడానికి ప్యాకింగ్ ఆడవాళ్ళకు నాలుగు రోజులు పట్టింది. సరోజమ్మ వైద్యం కంపెనీ చూసుకుంది. నాకు మెమో ఇచ్చారు. ఇవ్వవలసిందే.

కొత్త సూచన రాసి, ఈసారి ముందు మునిరత్నమ్మతో చదివించాను. చదివాక కాగితం తీసేసుకుని, ఏం చేయాలో చెప్పమన్నాను. "లోహపు పాత్ర వద్దని రాస్తే ఎవురికి తెలుస్తాది, ఇనుప బాండ్లి వద్దని రాయండి," అన్నది. ముప్పై నిమిషాలు అర్ధగంట అయింది. మొదటి వాక్యం పెద్ద అక్షరాల్లో ఆమె చెప్పినట్టే పెట్టాం: ఇది గోరింటాకు కాదు.

ఆమె పేరు సంగతి మిగిలింది. దానికి ఫారంలో ఏ గడీ లేదు. ఒక శుక్రవారం సాయంత్రం, ఆమె పని నుంచి వచ్చాక, ఆమె వసారాకు పోయి, నా తలలో నెరిసిన మొదళ్ళు చూపించి, రంగు వేయమన్నాను. వీధిలో నలుగురు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. మునిరత్నమ్మ చెంచాడు పొడి కలిపి, నా చెవి వెనక చుక్క పెట్టి, "రెండు దినాలు చూసి రాండి," అన్నది. పాతికేళ్ళుగా ఇదే వాడుతున్నానమ్మా అన్నాను.

"ఎన్నేండ్లు వాడినా ఎప్పుడో ఒకసారి పడకపోవచ్చునని మీ కాగితంలోనే ఉండాది కదా మేడం. మీకు మాత్రం లేదా?"

వీధిలో ఎవరో నవ్వారు. చెవి వెనక చుక్కతోనే హోసూరు బస్సెక్కాను. ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఇనుప బాండ్లి కాదు, గాజు గిన్నె పెట్టుకుంది. గోడ గడియారం తెచ్చి ఎదురుగా ఆనించింది. నూనె లేని పొడి జుట్టు పాయలు పాయలుగా విడదీసి, మొదళ్ళకు మాత్రం పట్టించి, అర్ధగంటకు చెంబుతో కడిగింది. బోరు నీళ్ళు జుట్టును బిరుసు చేస్తాయని చివరి చెంబు కాచి చల్లార్చినవి పోసింది. అది మా కాగితంలో లేదు, ఆమె సొంతం. నేను తల ఆరబెట్టుకుంటుండగా సరోజమ్మ వచ్చి, రంగుకు కాదు, విరిగిన కొసలు కత్తిరించమని, ఆ వసారా మెట్టు మీద కూర్చుంది.

నేను రిటైరయ్యేదాకా ఫిర్యాదు ఫారంలో "కాగితం ఏ భాషలో చదివారు?" అనే గడి ఉంది, ఇప్పుడూ ఉందని విన్నాను. చదివించి, తిరిగి చెప్పించుకోకుండా ఏ భాష సూచననూ ఆమోదించకూడదనే నియమం కూడా పెట్టాం. తెలియని మాట రాస్తే జనం చదవరని నా ఉద్యోగమంతా నమ్మాను. అది నిజమే. కాని తెలిసిన మాట దగ్గర కూడా జనం చదవడం ఆపేస్తారు. అక్కడినుంచి తమకు తెలిసిందే చేస్తారు. రాసేవాళ్ళు ఎక్కువ భయపడవలసింది ఆ తెలిసిన మాటకే.