అమ్మా అన్న శ్రుతిపెట్టె

నన్ను మొదటిసారి అమ్మా అని పిలిచింది ఒక చెక్కపెట్టె. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

మా ఆయన హార్మోనియాలు బాగుచేసేవాడు. కర్నూలు రాజధాని అయి, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజులవి. ఊరినిండా కొత్త ఉద్యోగస్థులు, సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట పద్యనాటకం. నాటకాలవాళ్లు హార్మోనియాన్ని దయాదాక్షిణ్యాలు లేకుండా తొక్కి, తిత్తి చినిగిపోయాక మా ఇంటికి మోసుకొచ్చేవాళ్లు. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆ పెట్టెలదే. రెండో దాంట్లో మేము ముగ్గురం, పొయ్యి, నా నోరు. నా నోరు ఎంత పెద్దదో వీధంతా ఎరుగును. అట్లాంటిదాని కడుపున మాట రాని పిల్ల పుట్టింది.

పాపకు నాలుగేళ్లు నిండినా ఒక్క మాట లేదు. తేనెలో వస అరగదీసి నాలుకకు రాశాను. చిలక కొరికిన జామపండు వెతికి తెచ్చి తినిపించాను. పెద్దాసుపత్రి డాక్టరు దాని వెనక నిలబడి గంట మోగించాడు. అది తిరిగి చూడలేదు. "పుట్టుచెవుడమ్మా. వినపడందే మాట యాడ నుంచి వస్తాది?" అన్నాడు. అన్నాళ్లూ ఆ సంగతి కనిపెట్టలేకపోయిన నా తెలివికి నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మాట లేకపోయినా గొంతుండేది దానికి. నన్ను పిలవాలంటే "హా..." అని ఒక కేక పెట్టేది. బొంగురు కేక, గొంతు చీల్చుకుని వచ్చినట్టుండేది. వీధిలో పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఒకసారి మహానందికి పోయాం. కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్లు కూడా కనబడుతున్నాయి. అది చూసి సంతోషం పట్టలేక, నన్నూ చూడమని ఆ కేక పెట్టింది. మెట్లమీది ఆడవాళ్లందరూ మా వైపు తిరిగారు. నేను దాని తొడ గిల్లాను. సిగ్గుతో చచ్చిపోయానే గానీ, బిడ్డ నన్ను పిలుస్తోందన్న ఆలోచనే రాలేదు నాకు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఆయన మూలపడిన శ్రుతిపెట్టె ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. పాడేవాడి పక్కన ఒకటే స్వరం పట్టి ఉంచే చిన్న తిత్తిపెట్టె అది.

"ఏం చేస్తాండావయ్యా?" అన్నాను.

"దీంతో మాట పలికిస్తా."

"కన్నబిడ్డకు మాట రాకపాయె, ఈ పెట్టెకు నేర్పుతావా?"

"బిడ్డ కోసమేలే. చెవికి వినపడకపోతే చేతికన్నా తెలుస్తాదేమో. మాటంటే గాలే గదా. దీంట్లో ఉండేదీ గాలే."

పెట్టెలో గాలికి మోగే ఇత్తడి రేకు, రీడు, ఒక్కటే ఉంచి, దానిమీద మేకతోలు గొట్టం కుట్టి, చివర గరాటు బిగించాడు. ఒక చేత్తో తిత్తి ఒత్తుతూ, రెండో అరచేత్తో గరాటు మూతి మూసి తెరిచాడు. "అబా" అన్నది. రోజంతా అబా, అబా. పక్కింటామె వచ్చి "ఏమమ్మా, గొర్రెపిల్లను తెచ్చినారా?" అని అడిగి పోయింది.

మర్నాడు నేను జొన్నరొట్టెలు తడుతుంటే వచ్చి, "ముక్కు మూసుకోని అమ్మా అను" అన్నాడు. ఈయనకు పిచ్చి పట్టిందనుకుంటూనే పిండిచేత్తో ముక్కు పట్టుకుని అన్నాను. "అబ్బా" అని వచ్చింది.

"అదీ సంగతి! దీనికి నోరు పెట్టినా గానీ ముక్కు పెట్టలేదు" అని లేచి పరిగెత్తాడు. తోలుకు రెండు సన్న బెజ్జాలు పొడిచి, మళ్లీ తిత్తి ఒత్తి, చెయ్యి మూసి తెరిచాడు.

"అమ్మా" అన్నది పెట్టె. జలుబు చేసిన పిల్ల నిద్రలేచి పిలిచినట్టు. పెనం మీద రొట్టె మాడుతోంది. "ఓ, ఏమ్మా" అనేశాను. అని, అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వాను.

ఆయన పాప చెయ్యి పట్టి తోలుమీద పెట్టి, మళ్లీ మళ్లీ పలికించాడు. అది ఆ తోలును చూడలేదు, గరాటును చూడలేదు. నా మొహమే చూస్తూ ఉండిపోయింది.

అది అంతటితో ఆగి ఉంటే ఆ పెట్టె పాప కోసమే అయ్యుండేది. దాన్ని నా కోసం చేసుకున్నది నేను. ఆయన బజారుకు పోయినప్పుడల్లా నేనే తిత్తి ఒత్తి, నేనే చెయ్యి మూసి తెరిచి పిలిపించుకునేదాన్ని. పిలిచినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. కడుపున పుట్టిన బిడ్డ పక్కనే కూర్చుని ఉంటే, చెక్కపెట్టె పిలుపుకు మురిసిపోయిన తల్లిని నేను. తలుచుకుంటే ఈ వయసులోనూ సిగ్గేస్తుంది.

కొన్నాళ్లకు ఇంట్లో ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటా అని చూస్తే, పాప కేక. అది పెట్టి ఎన్నాళ్లయిందో కూడా నాకు తెలియదు. ఇప్పుడు నేను కావాలంటే అది నా కొంగు లాగి, ఎదురుగా నిలబడి, నోరు తెరిచి, తన అరచేత్తో ఆ నోటిని మూసి తెరిచేది. చప్పుడు లేదు. మూసి, తెరిచి, ఆశగా నా మొహంలోకి చూసేది.

అప్పటికి అర్థమైంది నాకు. దానికి శబ్దమంటే ఏమిటో తెలియదు. చెయ్యి మూసి తెరిస్తే అమ్మ మొహం వెలుగుతుంది, అంతే తెలుసు. పిలవడమంటే అదేననుకుంది. దాని కేకకు నా మొహం ఏనాడూ అట్లా వెలగలేదు మరి.

మా ఆయనకు చెప్పాను. ఆయన కత్తి తీసుకుని గొట్టం కుట్లు కోసేశాడు. "నేను చేతికి నేర్పాలనుకున్యా. అది నీ మొగం చూసి నేర్చుకునింది" అన్నాడు. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆ సాయంత్రం పాపను తీసుకుని వీధి అరుగుమీద కూర్చున్నాను. దాని చెయ్యి నా గొంతుకు ఆనించుకుని, దాని కేకే నేను పెట్టాను. "హా..." అని, బొంగురుగా, ఉన్న బలమంతా పెట్టి. పోయేవాళ్లు ఆగారు. ఆగితే ఆగనీ అనుకున్నాను. ఇదమ్మా నీ పిలుపు, ఇది చాలు నాకు, ఇట్లాగే పిలువు అని ఆ ఒక్క కేకతోనే చెప్పాలని మళ్లీ మళ్లీ పెట్టాను. వేళ్లకింద గొంతు అదిరేసరికి పాప కళ్లు పెద్దవి చేసింది. తెలిసిందనుకున్నాను.

అది మెల్లగా తన చెయ్యి నా గొంతు మీది నుంచి తీసింది. పాపం అమ్మకు చేతకావడం లేదన్నట్టు జాలిగా నన్ను చూసి, ఆ చెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. మూసి, తెరిచింది. నా కేక ఆ చిన్న అరచేతికింద నలిగి, "హమ్మా" అని బయటికొచ్చింది.

అప్పుడు నా మొహంలోకి చూసింది. నేను కదలకుండా ఉండాల్సింది. పళ్లు బిగించైనా సరే, ఆ ఒక్కసారికి నా మొహాన్ని రాయి చేసుకోవాల్సింది. నావల్ల కాలేదు. నవ్వేశాను.

పాప చప్పట్లు కొట్టింది.