టీచరుగారు శాంతమూర్తి కాదు

పిస్కాటవే ఊళ్లో మా పక్క అపార్ట్‌మెంట్ టీచరుగారు పోయారని మంగళవారం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఆదివారం సంస్మరణ సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లదీ ఒకటే పాట. శాంతమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆవిడ చేతి పులిహోర! నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి గురించండీ మీరు మాట్లాడేది?

ఆవిడకి కోపం ఎక్కువ. జూనియర్ హైస్కూల్లో సోషల్ స్టడీస్ చెప్పేవారు. “చూడనిదాన్ని ఎలా చెప్తానమ్మాయ్?” అంటూ ఎనభై రెండు డిసెంబరు సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని మెక్సికోలో మాయా శిథిలాలు చూడ్డానికి వెళ్లారు.

పిరమిడ్ ముందు నిలబడి గైడు, ఇది కట్టిన మాయా జాతి ఎప్పుడో మాయమైపోయిందన్నాడు. టీచరుగారు చెయ్యెత్తారు.

“ఇందాక మన బస్ డ్రైవరు, బట్టలమ్ముతున్న ఆవిడతో మాట్లాడింది ఏ భాష?”

“మాయా.”

“మరి మాయమైందెవరు?”

గైడు నవ్వేశాడు. వెనక ఎవరో విసుక్కున్నారు. టీచరుగారు విసవిసా వెళ్లి, బట్టలమ్మే ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నారు. మొక్కజొన్ననీ, వాననీ, అమ్మమ్మనీ మాయా భాషలో ఏమంటారో డ్రైవర్ని అడిగి మరీ రాసుకున్నారు. మేం పిరమిడ్ ఎక్కనే లేదు.

తిరిగొచ్చాక, పిల్లల పుస్తకాల్లో మాయా జాతి అంతరించిపోయిందన్న పాఠం పక్కన చీటీలు అంటించారు: ‘వీళ్లు ఉన్నారు. నేను కలిశాను.’ ప్రిన్సిపాల్ తీసెయ్యమన్నాడు. తియ్యనన్నారు. ఊళ్లో మన తెలుగువాళ్లు ఆవిడకి బుద్ధి చెప్పడానికి బయల్దేరారు.

“మనకెందుకండీ వాళ్ల గొడవ? కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యకపోతే?”

ఆ మాట అన్నవాళ్లలో ముగ్గురు మొన్న మైకు పట్టుకున్నారు. మైకు పట్టుకోని నాలుగోదాన్ని నేను.

“ఒక్క సారీ చెప్పెయ్యండి టీచరుగారూ,” అన్నాను.

“నువ్వూ చూశావు కదమ్మాయ్,” అన్నారావిడ.

కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. ఆవిడ నాతో మళ్లీ మాట్లాడటానికి ఏడాది పట్టింది. మాట్లాడారు, అది నా అదృష్టం. అబద్ధం వింటే ఈరోజు నా గొంతు లేస్తోందంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

నాకు మాత్రం కాంట్రాక్ట్ అయిపోయిన ఆ జూన్ మధ్యాహ్నమే కళ్లముందు నిలిచిపోయింది. క్లాస్‌రూమ్ ఖాళీ చేస్తున్నారని తెలిసి కారు తీసుకెళ్లాను. అట్టపెట్టె అందుకోబోతే ఇవ్వలేదు. దాన్ని గుండెకి అదుముకుని, ఎండలో, నా కారు తప్ప ఇంకో కారు లేని పార్కింగ్ లాట్‌కి అడ్డంగా పడి బస్ స్టాప్ వైపు నడిచి వెళ్లిపోయారు. కారు డోర్ తెరిచి పట్టుకుని నేనలాగే నిలబడిపోయాను.