అమ్మ చెప్పిన ర్యాంకు

మా ఇంట్లో దేన్నీ ఉన్నంత చెప్పరు. వడ్డేపల్లి దగ్గర మా ఊళ్లో విత్తనపత్తి వేసే ఇళ్లన్నిట్లో ఇదే తీరు. చేను నిండా కాయలు కళకళలాడుతుంటాయి. గట్టు మీద పోయేవాళ్లు ఆగి, "ఈసారి మంచిగనే వచ్చేటట్టున్నది గద అన్నా" అంటే, మా నాయన మొహం వేలాడేసి "ఏం వస్తది తమ్మీ, పెట్టిన పైసలు తిరిగొస్తే అదే పదివేలు" అంటాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే దిష్టి తగులుతుందని భయం. అడిగినవాడూ రైతే కాబట్టి, విన్నదానికి మనసులోనే నాలుగు బస్తాలు కలుపుకొని వెళ్లిపోతాడు. ఎవరికీ నష్టం లేదు.

అమ్మ ఈ విద్యలో నాయనను మించింది. బర్రె ఇచ్చే పాలలో సగమే లెక్క చెబుతుంది. పదో తరగతిలో నాకు మంచి మార్కులొస్తే, "ఏదో గట్టెక్కింది" అని వాడంతా చెప్పి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. చదివింది నేను, తగ్గించేది ఆమె.

ఎంసెట్‌లో నాకు నాలుగు వేల చిల్లర ర్యాంకు వచ్చింది. నాయన ఒక్కటే షరతు పెట్టాడు. "పోతే పట్నంల పెద్ద సర్కారు కాలేజీకి పో. అది రాకుంటే వనపర్తి కాలేజీ చాలు, ఇంటికి దగ్గర. నడిమిట్ల ఇంకేం లేదు."

వనపర్తి మీద నాకేం కోపం లేదు. కాని తొమ్మిదో తరగతిలో మా బోరు స్టార్టరు డబ్బా విప్పి నాయనతో తిట్లు తిన్నప్పటి నుంచి నాకు ఎలక్ట్రానిక్స్ పిచ్చి. ఆ పెద్ద కాలేజీలోనే చదవాలని అప్పుడే అనుకున్నాను.

ఏ ర్యాంకుకు ఏ కాలేజీ దొరుకుతుందో అంచనా వేయడానికి మా చుట్టాలందరికీ ఒక్కడే దిక్కు. అమ్మ తమ్ముడు, నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. పోయినేడు ఏ సీటు ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో చూసి మామ "వస్తది" అన్నాడంటే వచ్చినట్టే. "కష్టం" అన్నాడంటే ఇక దేవుడికి మొక్కినా దండగే. ఆయన ఫోన్ చేసిన రోజు నేను సర్టిఫికెట్ల కోసం గద్వాలకు పోయాను. అమ్మే మాట్లాడి, ర్యాంకు చెప్పింది.

ఆప్షన్లు పెట్టడానికి గద్వాలలో నెట్ సెంటర్‌కు ఇద్దరం వెళ్లాం. వంతు కోసం కూర్చున్నప్పుడు మామ పంపిన కాలేజీల వరుస ఫోన్లో దిగింది. మొదట వనపర్తి. దాని కింద మహబూబ్‌నగర్ చుట్టుపక్కల కాలేజీలు. పట్నంలోని పెద్ద కాలేజీ చివరన కూడా లేదు. నేను ఇంత పనికిమాలినదాన్నా అని ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"మామా, నా గురించి ఏమనుకుంటున్నవ్? నాకు పట్నం రానే రాదా?"

"గంత కోపమెందుకే? పద్నాలుగు వేలకు ఎట్ల వస్తది? వనపర్తి వస్తే సంతోషపడు."

"పద్నాలుగు వేలు ఎవరికి?"

"నీకే గద, మీ అమ్మనే చెప్పె," అన్నాడు మామ. ఇటు అమ్మ కొంగు అంచును శ్రద్ధగా మడతపెట్టడం మొదలుపెట్టింది.

"పక్కింటక్క పెరుగు తోడుకని వచ్చి కూసున్నది," అంది మెల్లగా. "ఆమె ముందట ఉన్నది ఎట్ల చెప్పాలె? ఓ పదివేలు కలిపి చెప్పిన. ఆమె పోయినంక మల్ల ఫోన్ చేద్దామనుకున్న. గంతల బర్రె ఈననీకి వచ్చె."

మామ ఫోన్లో పగలబడి నవ్వాడు. "నేను నీ తమ్ముణ్ని అక్కా, పత్తి షావుకారిని కాదు."

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకాసేపుంటే ఆ తోడు గిన్నెలో నా చదువు మునిగిపోయేది.

మామ మళ్లీ లెక్క వేశాడు. జీవితంలో మొదటిసారి ఆయన వస్తదనీ అనలేదు, కష్టమనీ అనలేదు. "సగం సగం. పోయినేడు జర అటిటుగా నీ ర్యాంకు కాడనే ఆగింది. అయినా ముందుగల దాన్నే పెట్టు. రాకుంటే కింద వనపర్తి ఉండనే ఉంటది."

అమ్మకు ఇది నచ్చలేదు. "వనపర్తే ముందట పెట్టరాదే? మరీ ఆశపడితే దక్కదు."

నా ఓపిక అయిపోయింది. "ఊరికి చెప్పే మాట నాకు చెప్పకు. నిజం చెప్పమ్మా, నాకు వస్తదా రాదా?"

చుట్టూ జనం. మానవపాడు నుంచి కూతురిని తీసుకొచ్చిన ఆలుమగలు మా వైపే చెవులు పెట్టి కూర్చున్నారు. 'ఏం వస్తది లే' అంటుందనే అనుకున్నాను.

"వస్తది," అంది అమ్మ. "నా బిడ్డకు రాకుంటే ఇంకెవరికొస్తది? ముందట అదే పెట్టు."

తిరిగి బస్సులో ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఊరు దగ్గరికొచ్చాక "నోరు జారిన" అంది, అంతే. ఆ రోజు నుంచి పొద్దుగూకితే చాలు, ఉప్పు తీసి నా చుట్టూ తిప్పేది. సరిగ్గా తినేది కాదు. సీటు రాకపోతే అది తన నోటి వల్లే పోయిందని అమ్మ బతికినంతకాలం అనుకుంటుందని అప్పుడు తెలిసింది. నాకు నిజంగా భయం వేసింది. అంతకుముందు సీటు నాకు కావాలి. ఇప్పుడు ఆమెకు నాకంటే ఎక్కువ కావాలి.

సీట్లు ఇచ్చిన రోజు ఫోన్ పట్టుకుని చేనుకు ఉరికాను. అమ్మ కలుపు తీస్తోంది.

"అమ్మా, పట్నమే. నేనడిగిందే వచ్చింది."

ఆమె లేవలేదు. కొడవలి పక్కన పెట్టి సాలులోనే కూలబడింది.

"నేను గట్ల అన్నా వచ్చిందా?"

"నువ్వు అన్నా వచ్చింది."

మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఆమె మీద పడి ఏడ్చాను.

సాయంత్రం పక్కింటి పెద్దమ్మ గిన్నె పట్టుకుని తోడుకు వచ్చింది. "బిడ్డకు సీటొచ్చిందంట, యాడ వచ్చె?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మొహం వేలాడేసింది.

"ఏదో, పట్నంల ఓ చిన్న కాలేజీ అక్కా. ఎట్లుంటదో ఏమో."

నేను నోరు మూసుకుని లోపలికి వెళ్లి, పెద్దమ్మ గిన్నెలో తోడు వేసి తెచ్చిచ్చాను.